డెన్వర్‌లో ఒక్కరోజు స్కీయింగ్‌కి వెయ్యి డాలర్లా? అసలీ కొండలన్నీ ఎవరివి?

గోదారి_గట్టు | 10 నవంబరు 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. డెన్వర్ వచ్చి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళూ మంచంటే కారు అద్దం మీంచి గోకి పారేసేదే తప్ప, దాని మీద జారింది లేదు. ఈ క్రిస్మస్ సెలవులకి అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వస్తున్నారు. పిల్లలకి 13, 9 ఏళ్ళు. క్లాసులో అందరూ వెళ్ళారు, మేమే వెళ్ళలేదని ఇంట్లో రోజూ పంచాయితీ. సరే, ఒక్కసారి చూపిద్దామని కూర్చుని లెక్క వేశాను.

ఐ-70 హైవే మీద పేరున్న కొండ ఒకటి, క్రిస్మస్ తర్వాత వచ్చే శనివారం. మా నలుగురికీ టికెట్లకే వెయ్యి దాటింది. దాని మీద అద్దె స్కీలు, బూట్లు, హెల్మెట్లు. పుట్టి బుద్ధెరిగి చెయ్యని పని కాబట్టి నేర్పేవాడికి వేరే. మొత్తం చూసి ల్యాప్‌టాప్ మూసేశా. దానికింకాస్త కలిపితే అమ్మకి రానూపోనూ విమానం టికెట్ వచ్చేస్తుంది.

ఆఫీసులో పక్క సీటతన్ని అడిగితే "టికెట్ ఎవరు కొంటారయ్యా, పాస్ కొనుక్కో" అన్నాడు. పాస్ చూస్తే సీజన్ మొత్తానికి వెయ్యి దగ్గర్లో ఉంది. అంటే ఒక్క రోజుకి మూడొందలు, అయిదారు నెలలకి వెయ్యి! మా ఊళ్ళో డజను అరటిపళ్ళు కొంటే రేటు కాస్త తగ్గిస్తారు, ఒప్పుకుంటా. ఒక్క పండు తిన్నవాడి దగ్గర మూడోవంతు గెల డబ్బులు లాగడం మాత్రం ఇక్కడే చూస్తున్నా.

ఎందుకిలా ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి. చెప్పే ఓపిక లేకపోతే చౌకగా ఎక్కడికెళ్ళాలో అయినా చెప్పండి.


మంచుబొమ్మ | 10 నవంబరు, రాత్రి 9:58

రెండో ప్రశ్నకి జవాబు: మీ అపార్ట్‌మెంట్ వెనకాల ఏదో ఒక గుట్ట ఉంటుంది. ముప్ఫై డాలర్లు పెట్టి ప్లాస్టిక్ స్లెడ్డు కొనండి. పిల్లలకి తేడా తెలీదు.


గోదారి_గట్టు | 10 నవంబరు, రాత్రి 10:03

తొమ్మిదేళ్ళవాడికి తెలీదు. పదమూడేళ్ళదానికి ఇన్‌స్టాగ్రామ్ ఉందండీ.


పాత_పాస్_పట్టాభి | 11 నవంబరు, ఉదయం 6:15

గట్టు గారూ, ఈ ఊళ్ళో ఇరవై ఆరు చలికాలాలు చూసినవాణ్ణి. కొంచెం పాత కథ చెప్తాను, విసుక్కోకండి.

1998కి ముందు సీజన్ పాస్ అంటే డబ్బున్న పెద్దమనుషుల సంగతి. మామూలు జనం రోజు టికెట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఆ ఏడాది ఐడహోలో, బోయిసీ ఊరి పైన బోగస్ బేసిన్ అని ఒక కొండ సీజన్ పాస్‌ని 199 డాలర్లకి పెట్టింది. అది లాభాపేక్ష లేని సంస్థ నడిపే కొండ. పాసులు వేడి పకోడీల్లా పోయాయి. అదే సంవత్సరం ఇక్కడ వింటర్ పార్క్ వాళ్ళు "బడ్డీ పాస్" అని తెచ్చారు. నలుగురు కలిసి 800 ఇస్తే నలుగురికీ సీజనంతా. నేను, ఇద్దరు గుజరాతీలు, ఒక విజయనగరం కుర్రాడు కలిసి కొన్నాం. పక్క కొండలు ఊరుకోలేక అవీ ధర దించాయి. ఆ నాలుగైదేళ్ళు మాకు పండగే అనుకోండి.

ఈ పోటీలోంచే వెయిల్ అనే పెద్ద స్కీ కొండల కంపెనీ అసలు పాఠం నేర్చుకుంది. పాస్ అంటే ధర తగ్గించడం కాదు, డబ్బు ముందే చేతికి రావడం. 2008లో ఎపిక్ పాస్ పెట్టారు, 579 డాలర్లు, వాళ్ళ కొండలన్నిటికీ చెల్లుతుంది. గుర్తుపెట్టుకోండి, అంతకు ముందు వెయిల్ కొండకి ఆంక్షల్లేని సీజన్ పాస్ దీనికంటే చాలా ఎక్కువుండేది. నేను మొదటి సంవత్సరమే కొన్నా. ఇవాళ్టికీ కొంటున్నా. కాబట్టి అందరూ కంపెనీని తిట్టే ముందు ఒక మాట: ఏడాదికి పదిహేను రోజులు వెళ్ళేవాడికి ఇంత చౌక ఎన్నడూ లేదు.


షేర్ల_శేషు | 11 నవంబరు, ఉదయం 8:30

పట్టాభి గారు చెప్పినదాన్ని డబ్బు వైపు నుంచి చూద్దాం.

స్కీ వ్యాపారానికి మన రైతు కష్టమే ఉంది. మంచు పడితే పంట, పడకపోతే అప్పు. జనాన్ని కొండెక్కించే లిఫ్టులు, మంచు తయారుచేసి చిమ్మే ఫిరంగులు, జీతాలు, కరెంటు, అన్ని ఖర్చులూ ముందే. రాబడి ఆకాశం దయ. పాస్ ఏం చేసిందంటే, మార్చి నుంచి డిసెంబరు మొదటి వారం లోపు, ఒక్క మంచు తునక పడకముందే డబ్బు వసూలు చేసేసింది. మంచు పడకపోతే ఎవరికి నష్టం? పాస్ కొన్నవాడికి. అంటే వానరాని ఏడాది నష్టాన్ని కౌలుదారు నెత్తిన పెట్టి, ఆసామి హాయిగా పడుకున్నట్టు.

ఇప్పుడు వాళ్ళ కొండల మీదికొచ్చే ప్రతి నలుగురిలో ముగ్గురు పాస్ వాళ్ళేనని కంపెనీయే చెప్తోంది. ఏటా 20 లక్షల పైచిలుకు పాసులు అమ్ముతోంది. మరి మిగిలిన ఆ నాలుగోవాడికి 300 ఎందుకు? రెండు పనులకి. ఒకటి, టెక్సస్ నుంచి సెలవుకి దిగినవాడు ఎలాగూ ఇస్తాడు. రెండోది ముఖ్యం: ఆ 300 అంకె మీరు కొనడానికి పెట్టింది కాదు, చూసి బెదిరి పాస్ కొనడానికి పెట్టింది. రెండేళ్ళ కిందట కౌంటర్లో ధర చూసి "వచ్చే ఏడు మార్చిలోనే కొనేద్దాం" అని మా ఆవిడ అంది చూశారా, ఆ మాట కోసం పెట్టిన అంకె అది.

కొండలు కొన్నకొద్దీ పాస్ విలువ పెరుగుతుంది, పాసులు అమ్మినకొద్దీ కొత్త కొండ కొనడానికి డబ్బొస్తుంది. అదీ బండి. 1997లో స్టాక్ మార్కెట్టుకెక్కారు. అంతకు ముందు ఏడాదే బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్‌ల బేరం. అవి అప్పట్లో ఎవరివో తెలుసా? కుక్కల మేత అమ్మే రాల్‌స్టన్ ప్యూరినా నుంచి విడిపోయిన రాల్‌కార్ప్ కంపెనీవి! తర్వాత తాహో సరస్సు దగ్గర హెవెన్లీ, నార్త్‌స్టార్, కర్క్‌వుడ్. 2014లో పార్క్ సిటీ, 2016లో విస్లర్, 2017లో స్టో. 2019లో పీక్ రిసార్ట్స్ అనే కంపెనీని కొంటే ఒకేసారి 17 కొండలు వచ్చాయి. ఇప్పుడు మూడు ఖండాల్లో మొత్తం 42.

ఎదుటి పక్షం ఆల్టెరా. 2017లో కేఎస్‌ఎల్ అనే పెట్టుబడి సంస్థ, ఆస్పెన్ యజమానులైన క్రౌన్ కుటుంబ సంస్థ కలిసి ఇంట్రావెస్ట్‌ని 150 కోట్ల డాలర్లకి కొన్నాయి. దానికి మామత్, స్క్వా వ్యాలీ, డీర్ వ్యాలీ చేర్చి, 2018లో ఐకాన్ పాస్ వదిలారు. ఇది స్టాక్ మార్కెట్‌లో లేదు, లెక్కలు బయటికి రావు.


హైదరాబాద్_రవి | 11 నవంబరు, ఉదయం 10:12 (ఇండియా నుంచి)

అన్నా, నేను మంచు చూసింది ఒక్క గుల్మార్గ్‌లనే. అక్కడ కొండ ఎక్కిచ్చే తీగల బండి, గొండోలా, సర్కారుది, లైన్ల నిలవడుడే మూడు గంటలు. మీ ముచ్చట చదువుతుంటే నాకు సంక్రాంతి బస్సులు యాదికొస్తున్నయ్. మామూలు రోజు ఆరొందల టికెట్, భోగికి రెండు రోజుల ముందు మూడు వేలు. కాకపోతే మాకు ఆర్టీసీ ఉంది. నిలబడి అయినా పోతం. మీకు అక్కడ ఆర్టీసీ అసొంటిది లేదా?


లా_పాయింట్_లక్ష్మి | 11 నవంబరు, సాయంత్రం 7:45

రవి తమ్ముడూ, మంచి ప్రశ్న వేశావు. బస్సు మాట పక్కన పెట్టు, ఇక్కడ రోడ్డే సర్కారుది. వెయిల్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, కాపర్, అరాపాహో బేసిన్, ఇవన్నీ ఉన్నది వైట్ రివర్ జాతీయ అరణ్యంలో. కొండ అమెరికా ప్రజలది. కంపెనీకి ఉన్నది అటవీ శాఖ ఇచ్చిన పర్మిట్, లిఫ్టులు, హోటళ్ళు. దానికి కట్టే ఫీజు ఆదాయంలో ఒకటిన్నర శాతం నుంచి నాలుగు శాతం మధ్య. అంటే గట్టు గారు మూడొందలు పెట్టి ఎక్కేది తన కొండే!

"మరి ఇన్ని కొండలు ఒక్కడే కొంటుంటే చట్టం ఏం చేస్తోంది" అని అడగబోయేవాళ్ళకి మూడు కథలు.

మొదటిది ఆస్పెన్. అక్కడ నాలుగు కొండలు. మూడు ఆస్పెన్ స్కీయింగ్ కంపెనీవి, నాలుగోది హైలాండ్స్ అనే చిన్న కంపెనీది. ఏళ్ళ తరబడి నాలుగింటికీ కలిపి ఒకే టికెట్ ఉండేది, ఆదాయం పంచుకునేవాళ్ళు. డెబ్భైల చివర్లో పెద్ద కంపెనీ "నీకు 12.5 శాతమే ఇస్తాం, ఒప్పుకుంటే సరే" అంది. చిన్నది ఒప్పుకోలేదు. ఉమ్మడి టికెట్ పోయింది. చిన్న కంపెనీ "పోనీ మీ టికెట్లు పూర్తి ధరకే నాకు అమ్మండి, నేనే ప్యాకేజీ చేసుకుంటా" అంది. ఊహూ, అదీ అమ్మలేదు. ఆస్పెన్ స్కీ వ్యాపారంలో 20.5 శాతం ఉన్న చిన్న కంపెనీ వాటా నాలుగేళ్ళలో 11కి పడిపోయింది. కోర్టుకెళ్ళారు. జ్యూరీ 25 లక్షలు ఇమ్మంది, చట్టం ప్రకారం మూడింతలు చేస్తే 75 లక్షల డాలర్లు. 1985లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సరే అంది. ఇప్పటికీ లా కాలేజీల్లో గుత్తాధిపత్యం పాఠంలో ఈ కేసు తప్పక ఉంటుంది. కేసు గెలిచిన హైలాండ్స్ ఏమైందంటారా? 1993లో అదే ఆస్పెన్ కంపెనీలో కలిసిపోయింది. నాకు దీన్ని పాఠంగా చెప్పినాయన ఈ చివరి మాట చెప్పలేదు. నేనే తర్వాత తెలుసుకున్నా.

రెండోది శేషు గారు చెప్పిన బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ బేరం. 1997లో న్యాయశాఖ, కొలరాడో రాష్ట్రం కలిసి "మొత్తం మింగడానికి వీల్లేదు, అరాపాహో బేసిన్ వదిలెయ్" అన్నాయి. వదిలారు. కెనడా కంపెనీ ఒకటి కొంది. తర్వాత అదే ఏ-బేసిన్ ఏళ్ళ పాటు వెయిల్ పాసుల్లోనే ఉండి, జనం, కారు పార్కింగు భరించలేక 2019లో బయటికొచ్చింది. సంతోషించాం. ఈ ఏడాది ఫిబ్రవరిలో ఆల్టెరా కొంటున్నానంది, ఈ నెలలో బేరం పూర్తి కాబోతోంది. పోటీ ఉండాలని ఒకడి నోట్లోంచి లాగిన కొండ, పాతికేళ్ళు తిరిగి రెండోవాడి నోట్లోకి.

మూడోది చిన్నది. న్యూయార్క్‌లో సిరక్యూస్ దగ్గర టోగెన్‌బర్గ్ అని మామూలు జనం వెళ్ళే గుట్ట. 2021లో పక్క కొండల యజమాని దాన్ని కొన్నది నడపడానికి కాదు, మూసెయ్యడానికి. రాష్ట్ర అటార్నీ జనరల్ కేసు వేశారు, గెలిచారు. గెలిచినా అక్కడ లిఫ్ట్ తిరగట్లేదు కదా.


మంచుబొమ్మ | 11 నవంబరు, సాయంత్రం 7:59

మేడమ్, మీ మూడు కథల్లోనూ కోర్టు గెలిచింది, కొండ ఓడింది.


పాత_పాస్_పట్టాభి | 12 నవంబరు, ఉదయం 6:05

లక్ష్మి గారి కథలు బాగున్నాయి కానీ ఈ చర్చకి పెట్టిన పేరు తప్పు. "కొండలన్నీ" ఎవరివి అని అడిగారు. అమెరికాలో ఇప్పుడు 480 పైన స్కీ కొండలున్నాయి. ఈ రెండు కంపెనీలవీ కలిపినా అందులో ఎనిమిదో వంతు దాటవు. మిగతావి చాలావరకు ఎవరివి? కుటుంబాలవి, ఊళ్ళవి, జిల్లాలవి.

ఇంకో మాట. ఎనభైల మొదట్లో 735 ఉండేవి. రెండొందల యాభై మూతపడ్డాయి. అందులో ఎక్కువ మూతపడింది ఎపిక్ పాస్ పుట్టకముందే. మంచు చెయ్యడానికి నీళ్ళు లేక, ఇన్సూరెన్స్ కట్టలేక, పాత లిఫ్టు బాగుచేయించలేక. ఏ వెయిలూ వాటి గొంతు పిసకలేదు. పైగా 2022-23లో దేశంలో 6.54 కోట్ల స్కీయింగ్ రోజులు నమోదయ్యాయి, చరిత్రలో ఎన్నడూ లేనంత. జనం నిజంగా దోపిడీకి గురైతే ఇంతమంది ఎందుకెళ్తారు?


లా_పాయింట్_లక్ష్మి | 12 నవంబరు, ఉదయం 9:20

ఎనిమిదో వంతు అనేది దేశం పటం మీద. డెన్వర్ నుంచి రెండు గంటల్లో వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే దూరంలో గీత గీసి లెక్కపెట్టండి పట్టాభి గారూ. వెయిల్, బీవర్ క్రీక్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ వెయిల్ కంపెనీవి. వింటర్ పార్క్, ఏ-బేసిన్ ఆల్టెరా చేతిలో. కాపర్, ఎల్డోరా పౌడర్ అనే మూడో కంపెనీవి, అవి రెండూ ఐకాన్ పాస్‌లో ఉన్నాయి. నార్త్ డకోటాలో గుట్ట స్వతంత్రంగా ఉంటే గట్టు గారికేం లాభం? దూరపు కొండలు నునుపే, టికెట్ కూడా చౌకే.

ఎంతమంది వెళ్ళారన్నది కాదు, ఎవరు వెళ్ళారన్నది చూడండి. ఒకే మనిషి పదిహేను రోజులు వెళ్తే పదిహేను నమోదవుతాయి.


నల్లమల_సియాటిల్ | 12 నవంబరు, ఉదయం 11:50

మా వైపు కథ ఎవరూ చెప్పలేదు. సియాటిల్ ఐటీ జనాలకి స్టీవెన్స్ పాస్ తెలుసు (ఇక్కడ పాస్ అంటే టికెట్టు కాదు, కనుమ; అది కొండ పేరు), రెడ్మండ్ నుంచి గంటన్నర. 2018లో వెయిల్ కొన్నది. 2021లో ఎపిక్ పాస్ ధర ఇరవై శాతం కోసి 979 నుంచి 783కి తెచ్చారు. పాసులు 21 లక్షలు అమ్ముడయ్యాయి. కానీ ఆ చలికాలం కొండ మీద పనిచేసేవాళ్ళు దొరకలేదు. మంచు గుట్టలుగా పడి ఉంది, కొండలో చాలా భాగం తెరవలేదు. 40 వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. మేనేజర్ని మార్చారు. తర్వాతి ఏడాదికి కనీస జీతం గంటకి 20 డాలర్లు చేస్తామని కంపెనీ ప్రకటించింది.

శేషు గారూ, మీ బండిలో ఒక చక్రం తక్కువుంది. పాస్ అమ్మడానికి పరిమితి లేదు. లిఫ్టు కుర్చీలకి, కార్ పార్కింగుకి, పనివాళ్ళు అద్దెకుండే గదులకి పరిమితి ఉంది. టిరుపతిలో దర్శనం టోకెన్లు కూడా స్లాటుకి ఇన్నే అని ఇస్తారు.


మంచుబొమ్మ | 12 నవంబరు, మధ్యాహ్నం 12:04

"టిరుపతి" ఏంటి బాబూ, అమెరికా నీళ్ళు బాగా ఒంటబట్టాయి.


నల్లమల_సియాటిల్ | 12 నవంబరు, మధ్యాహ్నం 12:06

కీబోర్డు! తిరుపతి, తిరుపతి. లెంపలేసుకున్నా.


స్వాతి_సాల్ట్‌లేక్ | 12 నవంబరు, రాత్రి 8:30

పనివాళ్ళ మాట వచ్చింది కాబట్టి. మా అమ్మాయి కాలేజీకి ముందు ఒక సీజన్ లిఫ్ట్ దగ్గర పనిచేసింది. ఏ కొండో చెప్పను. పొద్దున్నే ఆరింటికి బస్సు, కాళ్ళకి రెండు జతల సాక్సులు, కుర్చీ వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఎత్తి కూర్చోబెట్టడం. ఒక గదిలో నలుగురు. ఇద్దరు పెరూ నుంచి వచ్చిన విద్యార్థులు, సెలవుల వీసా మీద. జీతంలో మూడోవంతు గది అద్దెకే. అదే కొండ కింద సెలవుల ఇళ్ళు సగం చీకటిగా, ఖాళీగా ఉండేవిట. "అమ్మా, అక్కడ ఇళ్ళకి మనుషుల్లేరు, మనుషులకి ఇళ్ళు లేవు" అంది ఫోన్లో. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను.

అయితే ఆ సీజన్లోనే మా అమ్మాయి స్కీయింగ్ నేర్చుకుంది. ఉద్యోగులకి పాస్ ఉచితం. మేము కొనిపెట్టగలిగేవాళ్ళం కాదు.


జ్యూరిక్_సుధ | 13 నవంబరు, తెల్లవారుజాము 3:10

ఇక్కడ పొద్దున పదకొండయింది లెండి. మీరందరూ ఒకటి కలిపేస్తున్నారు, పాస్ వేరు, యజమాని వేరు. ఇటలీలో డోలమైట్ కొండల్లో 1974 నుంచి ఒకే పాస్ ఉంది, డోలమిటి సూపర్‌స్కీ. పన్నెండు లోయలు, 1,200 కిలోమీటర్ల బాటలు, 450 లిఫ్టులు. కానీ వాటి వెనక లిఫ్ట్ కంపెనీలు విడివిడి. ఒక్కో లోయలో కుటుంబాలు, హోటల్ వాళ్ళు వాటాదారులు. పాస్ గీకిన చోటుని బట్టి డబ్బు పంచుకుంటారు. పీక్ సీజన్లో రోజు టికెట్ 80 యూరోల చుట్టూ ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో మ్యాజిక్ పాస్ అని 2017లో పాతిక చిన్న ఊళ్ళు కలిసి పెట్టాయి, మొదట్లో 359 ఫ్రాంకులకి సీజనంతా.

అలాగని ఇక్కడ స్వర్గమేం కాదు. వెయిల్ ఇక్కడికీ వచ్చింది. 2022లో ఆండర్‌మాట్‌లో మెజారిటీ వాటా, ఈ ఏడాది మేలో క్రాన్స్-మొంటానా. ఆండర్‌మాట్ వాళ్ళు మొదట భయపడ్డారు, ఇప్పటిదాకా అమెరికా ధరలైతే రాలేదు. ఎందుకో తెలుసా? గంట దూరంలో ఇంకో పది లోయలున్నాయి, రైలు ఉంది.


షేర్ల_శేషు | 13 నవంబరు, ఉదయం 8:15

సుధ గారి మాటలో నాకు జవాబు దొరికింది. అమెరికాలో కూడా మౌంటెన్ కలెక్టివ్ అని 2012 నుంచి, ఇండీ పాస్ అని 2019 నుంచి ఉన్నాయి. ఎవడి కొండ వాడిదే, పాస్ ఒకటే. కాబట్టి "పాస్ కావాలంటే కొండలన్నీ ఒకడే కొనాలి" అన్న వాదన నిలబడదు. నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నా.

పైగా వెయిల్ షేర్ వైపు కూడా అంత మెరుపేం లేదిప్పుడు. 2021 చివర్లో 370 దాటింది, ఇవాళ అందులో సగం దగ్గర కొట్టుకుంటోంది. నా దగ్గర ఎన్ని ఉన్నాయో అడగొద్దు. పౌడర్ కంపెనీ అయితే ఈ ఆగస్టులో కిలింగ్టన్‌ని వెర్మాంట్ స్థానికులకే అమ్మేసింది, ఎల్డోరా కూడా అమ్మకానికి పెట్టింది. అన్నీ ఒకే వైపు పోవట్లేదు.


పాత_పాస్_పట్టాభి | 13 నవంబరు, సాయంత్రం 5:40

వెర్మాంట్ మాట వచ్చింది కాబట్టి మ్యాడ్ రివర్ గ్లెన్ చెప్పాలి. 1995 నుంచి స్కీయర్లే వాటాదారులుగా ఉన్న సహకార సంఘం. ఒక్క మనిషి కూర్చునే కుర్చీల లిఫ్ట్ ఇంకా ఉంది. స్నోబోర్డులు రానివ్వరు. 2009లో వెళ్ళా. మంచు గరుగ్గా, బాట ఇరుగ్గా, మోకాలు పట్టేసింది. కానీ కుర్చీలో పక్కన ఎవరూ లేక ఒక్కణ్ణే చెట్ల మధ్య పైకి పోతుంటే... సర్లెండి, ముసలాడి మాటలు.

లక్ష్మి గారూ, మీరన్నది రెండు రోజులు ఆలోచించా. నేను పదిహేను రోజులు వెళ్ళేవాణ్ణి, నాకు చౌకే. నా చౌకకి డబ్బు గట్టు గారి దగ్గర తీస్తున్నారని నాకు తోచలేదు. 1998లో నేను మొదటిసారి వెళ్ళింది కూడా రోజు టికెట్ మీదే. సూపర్ మార్కెట్‌లో కూపన్ ఉండేది, అర్ధ ధరకి. ఆ కూపనే లేకపోతే నేను ఈ చర్చలో ఉండేవాణ్ణి కాదు.


హైదరాబాద్_రవి | 13 నవంబరు, రాత్రి 7:30

మా ఊళ్ళె ఇంటర్ కాలేజీలు కూడా గిట్లనే అయినయ్ అంకుల్. మూడు ఉండె, ఒక పెద్ద బ్రాంచ్ వచ్చింది. మొదటేడు ఫీజు సగమే. రెండేండ్లకు మిగిలినవి బంద్. మూడో ఏడు ఫీజు చూస్తే మా నాయిన గుండె పట్టుకున్నడు. ర్యాంక్ వచ్చినోనికి ఫ్రీ, మామూలోనికి డబుల్.


లా_పాయింట్_లక్ష్మి | 13 నవంబరు, రాత్రి 9:10

ర్యాంకర్ స్థానంలో పాస్ హోల్డర్ని పెట్టు. అంతే.

ఇక గట్టు గారి రెండో ప్రశ్నకి. నాలుగు దారులున్నాయి:

పెద్ద కొండకే వెళ్ళాలంటే రోజుల లెక్కన అమ్మే పాస్ ఉంది, ఒక రోజుకైనా కొనొచ్చు. డిసెంబరు మొదట్లో అమ్మకం ఆగిపోతుంది. ఇప్పుడు కొంటే కౌంటర్ ధరలో సగం కంటే తక్కువకే వస్తుంది. కాకపోతే సెలవు రోజులకి చెల్లుతుందో లేదో ముందు చదవండి.

లేదా లవ్‌ల్యాండ్. ఐసెన్‌హవర్ సొరంగానికి ఇవతలే, స్వతంత్రం. హోటళ్ళు, ఐస్ రింకులు ఉండవు. కొత్తవాళ్ళకి వేరే చిన్న లోయ ఉంది.

లేదా లెడ్‌విల్ దగ్గర స్కీ కూపర్. లేక్ జిల్లా సొంత కొండ. రెండో ప్రపంచ యుద్ధంలో పదో మౌంటెన్ డివిజన్ సైనికులు స్కీలు నేర్చుకున్నది అక్కడే. మంచు ఫిరంగులు లేవు, ఆకాశం ఇచ్చిందే. ఆ సైనికుల్లో ఒకడైన పీట్ సైబర్ట్ తర్వాత 1962లో వెయిల్ మొదలుపెట్టాడు. అంటే గురువు గారిల్లు జిల్లా చేతిలో ఉంది, శిష్యుడిల్లు స్టాక్ మార్కెట్‌లో.

లేదా చలికాలంలో డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్‌కి రైలు. అమ్మానాన్నలకి కొండ దిగేది లేకపోయినా రైలు బాగుంటుంది. వింటర్ పార్క్ ఇప్పటికీ డెన్వర్ నగరం ఆస్తే, నడిపేది ఆల్టెరా.


గోదారి_గట్టు | 13 నవంబరు, రాత్రి 10:30

ఇంత చదువు చెప్తారనుకోలేదు. లక్ష్మి గారికి, అందరికీ దండాలు. మా ఆవిడతో మాట్లాడి చెప్తా. పట్టాభి గారూ, మీరు నా డబ్బుతో జారుతున్నందుకు ఒక రోజు మా పిల్లలకి నేర్పాలి. చెల్లుకు చెల్లు.


పాత_పాస్_పట్టాభి | 14 నవంబరు, ఉదయం 6:02

తప్పకుండా. మోకాలు ఒప్పుకుంటే.


స్వాతి_సాల్ట్‌లేక్ | 28 డిసెంబరు 2024, ఉదయం 7:20

ఈ చర్చ మళ్ళీ పైకి తెస్తున్నా. నిన్న పార్క్ సిటీలో స్కీ పట్రోల్ వాళ్ళు సమ్మెకి దిగారు, దాదాపు రెండొందల మంది. వాళ్ళ బేస్ జీతం గంటకి 21, దాన్ని 23 చెయ్యమంటున్నారు. పొద్దున్నే డైనమైట్ పేల్చి కొండ మీది మంచు జనం మీదికి జారిపడకుండా చూసేదీ, కాలు విరిగితే స్లెడ్డు మీద కిందికి తెచ్చేదీ వీళ్ళే. ఇవాళ కొండలో చాలా భాగం మూత. మా పక్కింటివాళ్ళ చుట్టాలు చికాగో నుంచి వచ్చి లైన్లో నిలబడ్డారు. రోజు టికెట్ 328 డాలర్లు.


మంచుబొమ్మ | 28 డిసెంబరు, ఉదయం 7:41

328 పెట్టి ఒక్కడు లైన్లో నిలబడతాడు, ఆ డబ్బుతో ఒక పట్రోల్ మనిషి అడిగిన రెండు డాలర్లు 164 గంటలు ఇవ్వొచ్చు. లెక్కలు నాకూ వచ్చు.


నల్లమల_సియాటిల్ | 28 డిసెంబరు, ఉదయం 8:55

మూడేళ్ళ కింద స్టీవెన్స్‌లో చూసిన సినిమానే. ఈసారి తెర పెద్దది.


గోదారి_గట్టు | 30 డిసెంబరు, రాత్రి 8:15

నిన్న వెళ్ళొచ్చాం. స్కీ కూపర్. పట్టాభి గారు మాట నిలబెట్టుకున్నారు, మోకాలికి పట్టీ వేసుకుని మరీ వచ్చారు.

దారిలో కాపర్ దాకా ట్రాఫిక్కు, అక్కణ్ణించి ఎడమకి తిరిగాక రోడ్డు ఖాళీ. లెడ్‌విల్‌లో అమ్మకి ఊపిరి అందలేదు, పదివేల అడుగులు కదా. కాసేపు కార్లో కూర్చోబెట్టి నీళ్ళు తాగించాం, తేరుకుంది. కొండ చిన్నదే. టికెట్లు, అద్దె, పాఠం అన్నీ కలిపి నేను మొదట వేసిన లెక్కలో సగం కాలేదు. లాడ్జిలో ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుని తింటున్నారు, ఎవరూ ఏమనలేదు. అమ్మ పులిహోర తీసింది. పక్క బల్ల మీది ముసలాయన వాసన చూసి అడిగి పెట్టించుకున్నాడు. వాళ్ళ నాన్న ఇదే కొండ మీద సైన్యంలో నేర్చుకున్నాడట.

చిన్నాడు గంటలో పట్టేశాడు. పెద్దది మధ్యాహ్నం దాకా పడుతూనే ఉంది. ఒక్క ఫోటో కూడా తియ్యలేదు, అంత కోపం. మూడింటికి ఒకసారి పడకుండా కిందిదాకా వచ్చింది. నా సంగతి వదిలెయ్యండి, లిఫ్ట్ దిగేటప్పుడు పడితే వెనక ముగ్గురు నా మీద పడ్డారు. లిఫ్ట్ ఆపిన కుర్రాడు నవ్వకుండా లేపాడు. స్వాతి గారూ, మీ అమ్మాయి గుర్తొచ్చింది.

నాన్న కింద బెంచీ మీద కూర్చుని నాలుగు గంటలు చూశారు. తిరిగొచ్చేటప్పుడు అడిగారు, "ఈ కొండ ఎవరిదిరా?" అని. "జిల్లా పరిషత్తుది నాన్నా" అన్నా. నమ్మలేదు.


పాత_పాస్_పట్టాభి | 31 డిసెంబరు, ఉదయం 6:20

పిల్ల బాగా చేస్తుంది, భయం లేదు. చిన్నాడికి బ్రేకు నేర్పాలి. పులిహోరలో ఇంగువ కాస్త ఎక్కువైందని అమ్మగారితో అనకండి.


స్వాతి_సాల్ట్‌లేక్ | 9 జనవరి 2025, ఉదయం 9:00

నిన్న పార్క్ సిటీ సమ్మె ముగిసింది. అడిగిన 23 ఇచ్చారు.


హైదరాబాద్_రవి | 9 జనవరి, ఉదయం 10:05

ఇక్కడ పండక్కి ఊరికి పోవాలె, ప్రైవేట్ బస్సు 2,900 చూపిస్తుంది. ఆర్టీసీల సీటు దొరికింది, వెనక టైరు మీద. గట్టన్నా, పాపకు ఇంకా కోపం ఉన్నదా?


గోదారి_గట్టు | 9 జనవరి, మధ్యాహ్నం 12:40

మార్చిలో మళ్ళీ వెళ్దామంటోంది. వచ్చే ఏడాది పాస్ ధర ఎప్పుడు ప్రకటిస్తారని కూడా అడుగుతోంది. శేషు గారూ, మీరు చెప్పిన బండి మా ఇంటి గుమ్మం ముందు ఆగింది.